ప్లాట్‌ఫాం పొడవు సరే, చెవిలో చుట్ట పొడవెంతో మీకు తెలుసా?

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. ఈ ఊరి తెలుగువాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. ఏళ్ల తరబడి ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం మనదే. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాటేసింది, 2023లో హుబ్బళ్ళి 1,507 మీటర్లతో రెండింటినీ దాటేసింది. పోతే పోయింది! ఇవాళ మనం కొలవబోయేది మిల్లీమీటర్లలో.

మీకు తెలుసా? లోపలి చెవిలో రెండున్నర చుట్లు తిరిగి ఉండే కాక్లియా బఠాణీ గింజంత ఉంటుంది. చుట్లు విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. అలా సాగదీసిన కాక్లియాల్ని ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతే ఎన్ని పడతాయో లెక్క కట్టండి. 30,600 పైచిలుకు!

ఆగండి, అసలు తమాషా ఇప్పుడు. చెవి నుంచి మెదడుకి శబ్దాన్ని మోసుకెళ్లే నాడిలో ఎన్ని పోగులుంటాయో మీకు తెలుసా? దాదాపు 30,000. మన ప్లాట్‌ఫాంకీ మన చెవికీ ఈ చుట్టరికం ఎవరు కలిపారో గానీ, కలిపినవాళ్లు లెక్కల్లో మహా గట్టివాళ్లు!

పుట్టిన రోజున బిడ్డ కాక్లియా ఎంత ఉంటుందో మీకు తెలుసా? పెద్దవాళ్లది ఎంతో అంతే! చొక్కాలు ఏడాది తిరిగేసరికి బిగుతు, చెప్పులు ఆర్నెల్లకే ఇరుకు. కాక్లియా మాత్రం తొలిరోజే పూర్తి సైజు. వినికిడి కోసం ఏడాది పాపాయి చెవిలో పెట్టిన ఎలక్ట్రోడ్ తీగ (దాని కథ ముందుంది) ఆ పాపాయి ఎంత ఎదిగినా పొట్టిదైపోకపోవడానికి కారణం ఇదే.

అభిమన్యుడు తల్లి కడుపులో పద్మవ్యూహం విన్నాడంటే నవ్వుకున్నారా? గర్భంలో ఆరో నెల నడిచేసరికి బిడ్డకి శబ్దాలు వినిపించడం మొదలవుతుంది. వ్యూహ రచన సంగతి ఏమోగానీ, సుభద్ర గొంతు మాత్రం ఆ అబ్బాయి కచ్చితంగా విని ఉంటాడు.

కాక్లియాలో శబ్దాన్ని పసిగట్టే సన్నని కేశకణాలు రెండు రకాలు. లోపలి వరసలో సుమారు 3,500, బయటి వరసల్లో సుమారు 12,000. తలమీద జుట్టు రాలితే మళ్లీ మొలవచ్చు. ఇవి పోయాయంటే మనిషికి ఇంకంతే. జీవితం మొత్తానికి ఇచ్చిన స్టాకు అది!

మరి కోడికో? మీకు తెలుసా, పక్షుల చెవిలో కేశకణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టుకొస్తాయి! 1980ల చివర్లో ఈ సంగతి బయటపడినప్పుడు శాస్త్రవేత్తలే నోళ్లు వెళ్లబెట్టారు. ఆదివారం గోల్ బజార్‌లో మనం బేరమాడే కోడికి ఉన్న వరం మనకి లేదు.

అందుకే కాక్లియర్ ఇంప్లాంట్. చెవి మిషనుకీ దీనికీ తేడా ఏమిటో మీకు తెలుసా? చెవి మిషను శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకి పంపుతుంది. అక్కడ అందుకునే కణాలే లేకపోతే ఎంత పెద్దది చేసి ఏం లాభం? ఇంప్లాంట్ ఆ కణాలతో పనే పెట్టుకోదు. వాటిని దాటేసి నేరుగా నాడి తలుపు తడుతుంది.

తట్టేదెలాగో చూడండి. చెవి వెనక తగిలించిన ప్రాసెసర్‌లో మైకు ఉంటుంది. అది పట్టుకున్న మాటని ప్రాసెసర్ హెచ్చు స్థాయిలూ తగ్గు స్థాయిలుగా విడదీస్తుంది. తలకి అయస్కాంతంతో అతుక్కున్న చిన్న బిళ్ల ఆ సంకేతాన్ని చర్మం మీదుగా లోపలికి పంపుతుంది. చర్మం కింద కూర్చున్న రిసీవర్ అందుకుని, కాక్లియాలోకి దూర్చిన తీగ మీది ఎలక్ట్రోడ్లకి పంచుతుంది. కాక్లియా మొదట్లో ఉన్న ఎలక్ట్రోడ్‌కి కరెంటు అందితే కీచు స్వరం, లోపలికి పోయేకొద్దీ బొంగురు స్వరం. ఇదంతా రెప్పపాటుకంటే ముందే!

మరి లోపలి రిసీవర్‌కి బ్యాటరీ ఎవరు మారుస్తారు? ఎవరూ మార్చరు, అసలు లోపల బ్యాటరీయే లేదు! కరెంటు కూడా బయటి బిళ్ల నుంచే వెళుతుంది. మధ్యలో చర్మాన్ని చీల్చుకుని పోయే తీగ ఒక్కటీ ఉండదు.

ఎలక్ట్రోడ్లు ఎన్ని ఉంటాయనుకుంటున్నారు? వేలల్లోనా? కంపెనీని బట్టి 12, 16, 22. అంతే! 15,000 కణాలు చేసే పనిని 22 చుక్కలతో నెట్టుకొస్తుంటే, మిగతా ఖాళీలన్నీ మెదడే పూరించుకుంటుంది. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆ మెదడే.

తన చెవులకే కరెంటు పెట్టి చూసిన సాహసి ఎవరో మీకు తెలుసా? బ్యాటరీ కనిపెట్టిన వోల్టా! 1800 ప్రాంతంలో రెండు లోహపు కడ్డీలు రెండు చెవుల్లో దూర్చుకుని తన బ్యాటరీకి కలిపాడు. తలలో ఒక్క కుదుపు, ఆ వెంటనే చిక్కటి పదార్థమేదో కుతకుత ఉడుకుతున్నట్టు చప్పుడు. రెండోసారి చేసి చూడలేదు. బతికిపోయాడు!

1957 ఫిబ్రవరి 25. పారిస్‌లో జూర్నో, ఎరియస్ అనే ఇద్దరు ఒక బధిరుడి శ్రవణ నాడి దగ్గర తీగ చుట్ట అమర్చి కరెంటు పంపారు. ఆయనకి కీచురాళ్ల రొదలాంటిది వినిపించింది. ఎంత సన్న శబ్దమైతేనేం, నిశ్శబ్దానికి గండి పడింది!

అన్నట్టు, కీచురాయి చెవులెక్కడుంటాయో మీకు తెలుసా? ముందుకాళ్ల మీద!

1961లో లాస్ ఏంజెలిస్‌లో ఇంప్లాంట్లు మొదలుపెట్టిన విలియం హౌస్ చెవి డాక్టరు కాకముందు ఏం చదివాడో చెప్పుకోండి. పళ్ల డాక్టరీ! ఆయన పేరుతో వచ్చిన పరికరానికే 1984లో అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది. మనిషి జ్ఞానేంద్రియం చేసే పనిని యంత్రం చేతికిస్తూ వాళ్లిచ్చిన మొదటి అనుమతి అది.

ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ కథ ఇంకా బాగుంటుంది. ఆయన తండ్రిది మందుల షాపు. తండ్రికి చెవుడు. జనం గుట్టుగా అడగాల్సిన మందుల్ని కూడా షాపంతా వినేలా అరిచి అడగాల్సి వచ్చేది! ఆ ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు చెవి వైద్యుడయ్యాడు. చుట్లు తిరిగిన కాక్లియాలోకి తీగ ఎలా దూర్చాలో ఏళ్ల తరబడి తేలలేదు. 1977లో సముద్రపు ఒడ్డున సెలవులో ఉండగా చేతికొక శంఖం దొరికింది, పక్కన గడ్డిపరక దొరికింది. పరకని శంఖంలోకి నెట్టాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక చుట్లు తిరుగుతూ సులువుగా లోపలికి పోయింది. ఎలక్ట్రోడ్ తీగ ఎలా ఉండాలో గడ్డిపరక చెప్పేసింది!

మరుసటి ఏడాది, 1978 ఆగస్టు 1న, మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే ఆయనకి ఆ ఇంప్లాంట్ పెట్టారు. కారు ప్రమాదంలో వినికిడి పోయినాయన. తర్వాత పరీక్షల్లో జాతీయగీతం బాణీ వినిపిస్తే ఏం చేశాడో మీకు తెలుసా? ఠక్కున లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు! వినిపించిందా అని ఇంక ఎవరూ అడగలేదు.

ఇంకో పందెం కూడా నడిచింది. అంతకు కొన్ని నెలల ముందే, 1977 డిసెంబరు 16న, వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోహ్‌మైర్ అనే ఇంజనీరు దంపతులు తయారుచేసిన బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్‌ని వైద్యులు అమర్చారు. 2013లో క్లార్క్, ఇంగెబోర్గ్, అమెరికాకి చెందిన బ్లేక్ విల్సన్ ముగ్గురికీ కలిపి వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ పురస్కారం దక్కింది. 2022 నాటికి ప్రపంచంలో ఇంప్లాంట్ల లెక్క పది లక్షలు దాటిందని అంచనా.

ఇక మన గడ్డ మీదికి రండి. జలాంతర్గాముల్ని వేటాడే టార్పెడోల ప్రయోగశాలకీ పసిపిల్లల చెవికీ ఏం సంబంధమో మీకు తెలుసా? విశాఖపట్నంలో 1969లో మొదలైన నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది కదా, వరుణాస్త్రం అనే టార్పెడోని రూపొందించింది వాళ్లే. నీటిలో చప్పుడు విని గురిచూసే విద్య వాళ్లది. అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్ రూపకల్పనకి పూనుకున్నదీ వాళ్లే! ఓడ చప్పుడు పట్టే చేతులే బిడ్డ చెవికి అమ్మ మాట అందించడానికి కూర్చున్నాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వైద్య పథకం మొదట ఏ జిల్లాల్లో మొదలైందో మీకు గుర్తుందా? 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఏ గుమ్మంలోనైనా నిలబడి సొంతూరు అడగండి, శ్రీకాకుళం అనో విజయనగరం అనో వినబడుతుంది. ఆ పథకంలో అప్పట్లో కుటుంబానికి మామూలు పరిమితి రెండు లక్షలైతే, చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్‌కి మాట నేర్పే థెరపీతో కలిపి 6.5 లక్షల దాకా అనుమతించారు. పరిమితికి మూడు రెట్లు పైనే! ఆ సంతకం పెట్టిన చేతికి నా నమస్కారం.

కేంద్రానికీ ఒక పథకం ఉంది, పేరు ఏడిప్. 2014 నుంచి అందులో కాక్లియర్ ఇంప్లాంట్ చేరింది. అప్పట్లో పెట్టిన పరిమితి పిల్లకి 6 లక్షలు, ఏడాదికి 500 మంది పిల్లలు. దాన్ని నడిపించే ముంబై సంస్థ ఎవరి పేరు మీద ఉందో మీకు తెలుసా? అలీ యావర్ జంగ్! మన హైదరాబాదీ, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, మహారాష్ట్ర గవర్నరుగా చేసినాయన. 1983లో పెట్టిన ఆ సంస్థకి ఒక శాఖ సికింద్రాబాద్‌లో, ఇంకో శాఖ కోల్‌కతా బన్‌హుగ్లీలో. ఖరగ్‌పూర్ నుంచి హౌరా 115 కిలోమీటర్లు. పొద్దున లోకల్ ఎక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు!

రైలు పట్టణంలో చెవుల గురించి మాట్లాడుతూ వర్క్‌షాపుని వదిలేస్తామా? 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే డాక్టరు 100 మంది బాయిలర్ పనివాళ్ల చెవులు పరీక్షించాడు. ఎంతమందివి సవ్యంగా ఉన్నాయో చెప్పండి చూద్దాం. ఒక్కరివీ కాదు! సమ్మెట చప్పుడు నూటికి నూరుగురి చెవుల్నీ తినేసింది.

అందుకే మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ గీత గీశారు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు చట్టం ప్రకారం ప్రకటించి తీరాల్సిన వృత్తి వ్యాధి. మీ ఇంట్లో రిటైరైన తాతగారు టీవీ సౌండు పెంచమంటే విసుక్కోకండి. ఆ చెవులు ముప్ఫై ఏళ్లు డ్యూటీ చేశాయి!

ఎడిసన్ తన చెవుడికి ఎవరిని కారణంగా చెప్పేవాడో మీకు తెలుసా? రైలుని! కుర్రతనంలో రైల్లో పేపర్లు అమ్మేవాడు. కదిలిపోతున్న బండి ఎక్కబోతుంటే రైలు ఉద్యోగి ఒకాయన చెవులు పట్టుకుని పైకి లాగాడనీ, లోపల ఏదో పుటుక్కుమందనీ చెప్పేవాడు. ఆయనే తర్వాత ఫోనోగ్రాఫ్ కనిపెట్టి ప్రపంచమంతటికీ పాటలు వినిపించాడు!

ఇది వింటే నమ్మరు. మీ చెవి శబ్దాలు వినడమే కాదు, శబ్దాలు చేస్తుంది కూడా! బ్రిటన్‌కి చెందిన డేవిడ్ కెంప్ 1978లో కనిపెట్టాడు. ఆరోగ్యంగా ఉన్న కాక్లియా సన్నటి ప్రతిధ్వనిని బయటికి పంపుతుంది. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి కొన్ని నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష వినేది దాన్నే. బిడ్డ లేవనక్కర్లేదు, ఏడవనక్కర్లేదు, సూది లేదు!

1, 3, 6. ఇదేం లాటరీ నంబరు కాదు. నెల లోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. పుట్టు చెవుడున్న బిడ్డకి ఇంప్లాంట్ పెట్టించడానికి మంచి కాలం మూడున్నరేళ్ల లోపు. ఆ తర్వాత వినికిడికి కేటాయించిన మెదడు భాగాన్ని చూపు, స్పర్శ వచ్చి ఆక్రమించుకోవడం మొదలుపెడతాయి. ఖాళీ క్వార్టర్‌ని ఎవరైనా ఊరికే వదులుతారా!

మేనమామకిచ్చి చేస్తే ఇల్లు ఇంట్లోనే ఉంటుందనే మాట మనకి అలవాటు. పుట్టు చెవుడు తెచ్చే జన్యువు కూడా అలా ఇంట్లోనే ఉండిపోగలదని మీకు తెలుసా? తల్లీతండ్రీ ఇద్దరికీ చక్కగా వినిపిస్తుంటుంది, ఇద్దరిలోనూ ఒకే లోపం దాక్కుని ఉంటే బిడ్డకి బయటపడుతుంది. మేనరికం పెళ్లిళ్లలో ఆ అవకాశం ఎక్కువ. ఇలాంటి ఇళ్లలో బిడ్డ పుట్టగానే ఓఏఈ చేయించండి. ఈ ఒక్కటీ నేను బతిమాలి చెబుతున్నాను.

ఆపరేషన్ అయిపోగానే వినిపిస్తుందనుకుంటున్నారా? వినిపించదు! గాయం మానాలి. రెండు మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు. అప్పుడు ఆడియాలజిస్ట్ దగ్గర స్విచ్ ఆన్. ఆ క్షణంలో చాలామంది పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసా? బేర్‌మని ఏడుస్తారు! కొత్త కదా మరి. పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లకైతే మొదట్లో అందరి గొంతులూ రోబో గొంతుల్లా ఉంటాయి. కొన్ని వారాలకో నెలలకో మెదడు సర్దుకుని, ఆవిడ గొంతు ఆవిడకీ ఈయన గొంతు ఈయనకీ అప్పగిస్తుంది.

థెరపీ గదిలో రోజూ జరిగే చిత్రమైన ఆట చూడండి. అమ్మ పెదవులు కనబడకుండా అడ్డం పెట్టుకుని ఒక్కో శబ్దం అంటుంది. ఆ... ఊ... ఈ... మ్... ష్... స్. బిడ్డ చేతిలో చెక్క బిళ్ల, ముందు డబ్బా. బిళ్లని చెంపకి ఆనించి పట్టుకుని కూర్చుంటుంది. “వినబడితే వెయ్యమ్మా” అంటారు. శబ్దం తగలగానే టక్కుమని డబ్బాలో పడాలి. ఆ, ఊ త్వరగానే పడతాయి. చాలామందికి కష్టం ఆ చివరి స్. ఊపిరంత సన్నది. ఆ బిళ్ల పడిన రోజు గదిలో చప్పట్లు! డానియల్ లింగ్ అనే ఆయన ఏర్చి కూర్చిన ఈ ఆరు శబ్దాలతో మాటల్లోని కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా అంతా తేలిపోతుంది. మిషను ఖరీదు లక్షలు, దాన్ని పరీక్షించే పరికరం అమ్మ నోరు!

ఖరగ్‌పూర్‌లో దీనికో ప్రత్యేకమైన చిక్కు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, స్టేషన్‌లో హిందీ, బళ్లో ఇంగ్లీషు. కొత్తగా వింటున్న బిడ్డకి ఏ భాషలో మొదలుపెట్టాలి? అమ్మానాన్నలు రోజంతా తడుముకోకుండా మాట్లాడగలిగే భాషలోనే. ఇంట్లో తెలుగైతే తెలుగే! వంట చేస్తూ, స్నానం చేయిస్తూ, తల దువ్వుతూ గలగలా మాట్లాడుతూనే ఉండాలి. ఎక్కువ మాట్లాడతారని పేరున్న అమ్మమ్మలకి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు. అన్నట్టు, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చిందని మీకు తెలుసా? అందులో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల గొంతుది పెద్ద వాటా.

ఇంప్లాంట్ చెవికి సన్నాయి కష్టం, డప్పు సులువు! ఎలక్ట్రోడ్లు తక్కువ కావడంతో రాగం మెలికలు సరిగా అందవు, తాళం మాత్రం దాదాపు మన చెవికి అందినట్టే అందుతుంది. దుర్గాపూజ రోజుల్లో ధాక్ డోళ్లు మోగే ఊళ్లో పెరిగే పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి!

పార్కులో ప్లాస్టిక్ జారుడుబల్ల దగ్గర ఆ పిల్లలు బయటి ప్రాసెసర్ తీసి అమ్మ చేతికి ఎందుకిస్తారో మీకు తెలుసా? జారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు ప్రాసెసర్‌లోని అమరికని చెరిపేసే ప్రమాదముంది. అయస్కాంతం బిళ్ల సంగతి ఇంకా సరదా. ఇనప బీరువాకి తల ఆనిస్తే టక్కున దానికి అతుక్కుపోతుంది. బీరువాకి చెవి వచ్చిందని ఇంటిల్లిపాదీ నవ్వులే!

రాత్రి ప్రాసెసర్ తీసేస్తే పూర్తి నిశ్శబ్దం. కిటికీ పక్కనుంచి గూడ్సు బండి వెళ్లినా నిద్ర చెడదు. రైల్వే కాలనీలో ఈ సదుపాయం ఇంకెవరికుంది చెప్పండి!

ఇంప్లాంట్ వద్దనుకునే బధిరులు కూడా ఎందరో ఉన్నారు. వాళ్లకి సైగల భాష ఉంది, దానికి సొంత వ్యాకరణం ఉంది. 2021లో వచ్చిన భారతీయ సైగల భాషా నిఘంటువులో ఎన్ని పదాలో మీకు తెలుసా? 10,000! అక్షరం ముక్క పలకకుండా పదివేల మాటలు.

ప్రపంచ వినికిడి దినోత్సవం మార్చి 3నే ఎందుకు పెట్టారో తెలుసా? 3/3 అని రాసి చూడండి. రెండు చెవులు!

రెండు చెవులెందుకంటారా? పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి చేరాక రెండో చెవికి చేరడానికి పట్టే సమయం సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ. ఆ తేడానీ, శబ్దం బలంలో తేడానీ పట్టుకుని మెదడు దిక్కు చెప్పేస్తుంది! ఒకే చెవికి ఇంప్లాంట్ ఉంటే కూత వినబడుతుంది గానీ ఎటునుంచో తేలదు. అందుకే ఇప్పుడు రెండు చెవులకీ పెడుతున్నారు. అలా పెట్టించుకున్న పిల్లల్లో ఈ దిక్కు తెలిసే గుణం బాగా మెరుగవుతుంది. అయితే ఒక్క మాట. ఖరగ్‌పూర్ జంక్షన్‌లో హౌరా వైపు, టాటా వైపు, బాలాసోర్ వైపు బళ్లు ఒకేసారి కూత వేస్తే, రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నవాళ్లు కూడా బోర్డు చూసుకోవాల్సిందే!